తెలుగు చదువరికి పుస్తకమందించిన కొమర్రాజు లక్ష్మణరావు

ఒక భాషలో బడి ఉన్నంత మాత్రాన ఆ భాషలో విద్య నిలిచినదని చెప్పడానికి వీలులేదు. బడిగంట మోగి పిల్లలు ఇండ్లకు చేరిన తరువాత, పరీక్షతో సంబంధం లేకుండ, కేవలం తెలిసికొనవలెననే కోరికతో చదువుకొనడానికి ఆ భాషలో పుస్తకం దొరకాలి. ఆ పుస్తకం వయసుకు తగినదై ఉండాలి. సామాన్యుడు కొనగలిగిన వెలకు రావాలి. ఒకటి ముగిసేసరికి మరొకటి సిద్ధంగా ఉండాలి. ఈ ఏర్పాటు లేనినాడు మాతృభాష ఇంటిమాటలకు, పండుగ పాటలకు పరిమితమైపోతుంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలోనే ఈ సత్యాన్ని గుర్తించి, చరిత్రను, శాస్త్రాన్ని, మహనీయుల జీవితాలను తెలుగులో యువకులకు అందించడానికి తన ఆయుష్షును ధారపోసిన విద్వాంసుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులు గారు. ఆయన జీవించినది నలభై ఆరు సంవత్సరాలు మాత్రమే. ఆ కొద్దికాలంలో ఆయన నెలకొల్పిన సంస్థలు ఒక తరం తెలుగువారిని చదువరులుగా తీర్చిదిద్దాయి.

తెలుగు, కన్నడ భాషలు ఒకే రచ్చబండ మీద కలిసి మాట్లాడుకొనే కప్పగల్లు వంటి ఊళ్లవారికి లక్ష్మణరావు గారి జీవితం మరింత దగ్గరిది. ఆయన ఉన్నత విద్య నభ్యసించినది తెలుగునాట కాదు. మరాఠీ మాటలాడే నాగపురంలో. ఆ పొరుగు భాషను ఆయన పరాయిదిగా చూడలేదు. దానిని ప్రేమతో నేర్చి, అందులో రచనలు చేసి, అక్కడ తాను చూచిన మేలును తన తల్లిభాషకు తెచ్చి ఇచ్చారు. సరిహద్దున నివసించే విద్యార్థికి ఇంతకంటె మంచి ఆదర్శం అరుదు.

బాల్యం, విద్య

లక్ష్మణరావు గారు 1877 మే 18వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించారు. తండ్రి వెంకటప్పయ్య గారు, తల్లి గంగమ్మ గారు. ఆయన పసితనంలోనే తండ్రి పరమపదించడంతో కుటుంబ భారం బంధువుల మీద పడింది. ప్రాథమిక విద్య నిజాం రాజ్యంలోని భువనగిరిలో సాగింది. ఆయన కంటె మూడేండ్లు పెద్దదైన అక్కగారు అచ్చమాంబకు అప్పటికే బండారు మాధవరావు గారితో వివాహమైనది. మాధవరావు గారు మధ్య పరగణాలలో ఇంజనీరు ఉద్యోగం చేసేవారు. అచ్చమాంబ గారు కాపురానికి వెళ్లినప్పుడు తల్లిని, తమ్ముని కూడ వెంట తీసికొని వెళ్లారు. తమ్ముని చదువు నాగపురంలో కొనసాగడానికి అదే కారణమైనది.

ఈ అక్కాతమ్ముల కథ వేరుగా చెప్పదగినది. ఆడపిల్లకు చదువెందుకనే రోజులవి. అచ్చమాంబ గారు బడి ముఖం ఎరుగరు. తమ్ముడు పాఠాలు వల్లించే వేళ పక్కన కూర్చుండి, అతని పుస్తకాల నుండియే తెలుగు నేర్చుకొన్నారు. తరువాత హిందీ, మరాఠీ భాషలు కూడ అభ్యసించారు. ఆ విధంగా చదువుకొన్న ఆమె భారతదేశపు ఉత్తమ స్త్రీల జీవితాలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల రచించారు. 1902లో ఆమె వ్రాసిన ధనత్రయోదశి తెలుగులో వెలువడిన తొలి కథలలో ఒకటిగా పరిశోధకుల మన్నన పొందింది. ఒక్కరి కోసం కొన్న పుస్తకం ఇద్దరిని విద్వాంసులను చేయగలదని లక్ష్మణరావు గారు తన ఇంటిలోనే చూచారు. ఆయన తరువాత చేసిన పనులన్నింటికి బీజం ఇక్కడే పడినదని భావించవచ్చును. అచ్చమాంబ గారు 1905 జనవరిలో, ముప్పది యేండ్ల వయసులోనే కన్నుమూశారు. మరుసటి సంవత్సరం పుట్టిన తన కుమార్తెకు లక్ష్మణరావు గారు అక్కగారి పేరే పెట్టుకొన్నారు. ఆ కుమార్తె పెరిగి వైద్యురాలై, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ.

నాగపురంలో పట్టభద్రులైన లక్ష్మణరావు గారు ఆ తరువాత కలకత్తా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టం పొందారు. విద్యార్థి దశలోనే మరాఠీ పత్రికలలో వ్యాసాలు ప్రకటించి అక్కడి పండితుల ప్రశంస లందుకొన్నారు. మరాఠీలో ఉండిపోయినా ఆయనకు పేరు ప్రతిష్ఠలకు కొదువ ఉండేది కాదు. అయితే మరాఠీ యువకులకు తమ చరిత్ర తమ భాషలో లభిస్తున్నదనీ, తెలుగు యువకునికి ఆ భాగ్యం లేదనీ ఆయన మనసును కలచిన ఆలోచన ఆయనను తెలుగువైపు మరల్చింది. మరాఠీ ఆధారాలతో శివాజీ చరిత్రను తెలుగులో రచించడం ఆ మరలింపునకు తొలి ఫలం.

ఆనాటి తెలుగు విద్యార్థి పరిస్థితి

ఆ రోజులలో తెలుగులో పుస్తకాలు లేవని కాదు. పురాణాలు, ప్రబంధాలు, శతకాలు అచ్చులో ఉన్నాయి. నాటకరంగం వికసించింది, బళ్లారి పట్టణంలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 1886లో సరస వినోదినీ సభను స్థాపించి తెలుగు నాటకాలకు కొత్త ఊపిరి పోశారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు నవలతో పాటు శాస్త్ర విషయాల మీద కూడ గ్రంథాలు రచించి దారి చూపారు. కాని అది అధికభాగం ఒక్కరి భుజాల మీద సాగిన కృషి. దేశచరిత్ర ఏమిటి, ప్రాణుల నిర్మాణ మెట్టిది, ధనం ఎట్లు పుడుతుంది, ఇతర దేశాలవారు ఎట్లు స్వేచ్ఛను సాధించారు అనే ప్రశ్నలు వేసిన యువకునికి ఆంగ్లం రాకపోతే సమాధానం దొరికేది కాదు. ఆంగ్లం చదువుకొన్న కొద్దిమంది ఒక వైపు, తక్కిన జనమంతా మరొక వైపు నిలిచిపోయారు. ఈ రెండు ఒడ్డుల నడుమ వంతెన వేయడమే లక్ష్మణరావు గారు తన జీవిత కార్యంగా ఎంచుకొన్నారు.

భాషానిలయ స్థాపన

విద్యాభ్యాసం ముగిసిన తరువాత ఆయన మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి సంస్థానంలో దివానుగా చేరారు. మునగాల పరగణా అప్పుడు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. చుట్టూ మాత్రం నిజాం రాజ్యమే. ఆ విధంగా సరిహద్దు జీవనం ఆయనకు మరొకసారి అనుభవమైనది. నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో జరిగేది. జనాభాలో తెలుగువారు అధికంగా ఉన్నప్పటికీ పై చదువులలో తెలుగుకు చోటు లేదు. ఈ స్థితిలో పాఠశాలల కోసం ఎదురుచూడక, ముందుగా పుస్తకాలు పదిమందికి అందుబాటులో ఉంచడం మేలని లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు తలచారు.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి గృహంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ప్రారంభమైనది. మునగాల రాజా వారి ఔదార్యం, రంగారావు గారి ఆతిథ్యం, లక్ష్మణరావు గారి సంకల్పం కలిసి దానికి ప్రాణం పోశాయి. నిలయానికి పెట్టిన పేరు బళ్లారి సీమవారికి గర్వకారణం. తుంగభద్రా తీరాన హంపీ విజయనగరంలో 1509 నుండి 1529 వరకు రాజ్యమేలి, తెలుగులో ఆముక్తమాల్యదను రచించి, తెలుగు, కన్నడ కవులను సమానంగా ఆదరించిన ప్రభువు పేరది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. ఒక దీపం నుండి మరొక దీపం వెలిగినట్లు తెలంగాణమంతటా గ్రంథాలయాలు వ్యాపించసాగాయి.

విజ్ఞాన చంద్రికా మండలి

గ్రంథాలయం ఏర్పడిన కొలది కాలానికే ఒక లోటు బయటపడింది. అలమరలు ఉన్నాయి, చదువగోరే యువకులు ఉన్నారు, వారికి ఇవ్వదగిన కొత్త పుస్తకాలు చాలినన్ని లేవు. ఈ లోటును పూరించడానికి లక్ష్మణరావు గారు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు, ఆచంట లక్ష్మీపతి గార్ల వంటివారు ఈ కార్యంలో ఆయనకు తోడుగా నిలిచారు. ప్రధాన సంపాదక బాధ్యత లక్ష్మణరావు గారిదే.

మండలి నడిచిన పద్ధతి సరళమైనది, దూరదృష్టి గలది. చదువరులు చందాదారులుగా చేరేవారు. మండలి వరుసగా గ్రంథాలు ప్రకటించి, వారికి తక్కువ వెలకు అందజేసేది. చందాదారుడు తన ఊరిలో పుస్తకాల అంగడి లేకపోయినా చింతింపనక్కరలేదు. తపాలాబంట్రోతు పుస్తకాన్ని ఇంటి గుమ్మంలోకి తెచ్చి ఇచ్చేవాడు. ఏ పుస్తకం ఎన్నుకొనాలో తెలియని పల్లెటూరి యువకునికి ఎన్నిక చేసి పెట్టే భారం పండితులు వహించారు. అచ్చువేసినవారికి కొనేవారున్నారనే ధైర్యం, కొనేవారికి మంచి పుస్తకమే వస్తుందనే నమ్మకం కలిగాయి. ఈనాడు పుస్తక మిత్రమండలి, పాఠకుల సంఘం అనే పేర్లతో జరిగే పనిని తెలుగునాట ఇంత క్రమపద్ధతిలో నడిపిన తొలినాటి సంస్థలలో విజ్ఞాన చంద్రికా మండలి అగ్రగణ్యం.

మండలి గ్రంథాలను ఒకచోట చేర్చి చూస్తే యువకులకు ఏమి చదివించాలనే విషయంలో లక్ష్మణరావు గారి ఆలోచన తేటపడుతుంది. 1907లో వెలువడిన తొలి గ్రంథం అబ్రహాము లింకను చరిత్రము. రచయిత గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు దత్తమండలాలలోని కర్నూలులో జన్మించినవారు. అప్పటికి ఇరువది నాలుగేండ్ల యువకుడు. 1809లో అమెరికాలోని ఒక మారుమూల కఱ్ఱ గుడిసెలో పుట్టిన లింకను అన్నీ కలిపి ఒక సంవత్సర కాలమైనా బడికి వెళ్లలేదు. ఎరువు తెచ్చుకొన్న పుస్తకాలు చదివి, స్వయంకృషితో న్యాయవాదియై, 1861లో దేశాధ్యక్షుడై, 1863లో బానిసల విముక్తి ప్రకటన చేశాడు. పుస్తకం కొనలేని బాలుడు పుస్తకాల వలననే ఎదిగిన కథతో గ్రంథమాల మొదలుకావడం ఎంతో ఔచిత్యం గలది. పరాధీనమై ఉన్న దేశంలో బానిసల విముక్తి కథను యువకుల చేతికివ్వడంలోని ధ్వని ఆనాటి చదువరులకు తెలియకపోలేదు.

జీవితచరిత్ర తరువాత దేశచరిత్ర. లక్ష్మణరావు గారు స్వయంగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అనే గ్రంథాలు రచించి భారతదేశ చరిత్రను క్రమంగా తెలుగులో చెప్పారు. చిలుకూరి వీరభద్రరావు గారి చేత ఆంధ్రుల చరిత్రము వ్రాయించి, దాని ప్రథమ భాగాన్ని 1910లో మండలి పక్షాన ప్రకటించారు. తమకొక చరిత్ర ఉన్నదని తెలుగువారు తమ భాషలోనే విపులంగా చదువుకొన్న సందర్భమది. శాస్త్ర గ్రంథాలకూ మండలి సమానమైన ప్రాధాన్యమిచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారు జీవశాస్త్రాన్ని, మంత్రిప్రగడ సాంబశివరావు గారు పదార్థ విజ్ఞాన శాస్త్రాన్ని తెలుగులో రచించారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి అర్థశాస్త్రము కూడ ఈ మాలలోని కుసుమమే. ప్రతి శాస్త్రానికి కొత్త మాటలు కూర్చవలసి వచ్చేది. సంస్కృతం నుండి కొన్ని, వాడుకలో ఉన్నవి కొన్ని స్వీకరించి, పదోతరగతి చదివిన యువకునికి బోధపడేలా వాక్యాన్ని తీర్చడంలో సంపాదకునిగా లక్ష్మణరావు గారు పడిన శ్రమ అచ్చుపుస్తకంలో కంటికి కనబడదు.

శాస్త్రమూ చరిత్రా మాత్రమే ఉంటే చదువు రుచించదని ఆయన ఎరుగుదురు. అందుచేత మండలి నవలల పోటీలు నిర్వహించి, చరిత్రను ఆధారం చేసికొన్న నవలలను ప్రోత్సహించింది. వేలాల సుబ్బారావు గారి రాణీ సంయుక్త, భోగరాజు నారాయణమూర్తి గారి విమలాదేవి, దుగ్గిరాల రాఘవచంద్రయ్య గారి విజయనగర సామ్రాజ్యము ఆ కాలపు చదువరులను ఆకట్టుకొన్నాయి. కేతవరపు వేంకటశాస్త్రి గారి రాయచూరు యుద్ధము 1520లో కృష్ణదేవరాయలకు, బిజాపురం సుల్తానుకు నడుమ జరిగిన సమరాన్ని వస్తువుగా గ్రహించినది. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న రాయచూరును, ఈవలి ఒడ్డున ఉన్న హంపీని చూచి పెరిగే బళ్లారి సీమ బాలలకు తమ ఊరి పొలిమేరలే కథారంగమైన నవల అది. తెలిసిన నేల మీద నడిచే కథ చదువు నలవాటు చేస్తుంది. ఆ అలవాటు తెలియని నేలల గురించి కూడ తెలిసికొనేలా చేస్తుంది.

ఆటంకాలు, నూతన యత్నాలు

మండలి మార్గం పూలబాట కాదు. 1908లో స్వరాజ్య పత్రికలో ప్రకటించిన రచనకు గాను హరిసర్వోత్తమరావు గారికి రాజద్రోహ నేరం మీద మూడేండ్ల కారాగార శిక్ష పడింది. గ్రంథమాలకు తొలి పుస్తకం అందించిన చేతులకు సంకెళ్లు పడడం మిత్రులందరినీ కలచివేసింది. ఆ సంవత్సరమే మండలి కార్యాలయం హైదరాబాదు నుండి మద్రాసుకు మారింది. లక్ష్మణరావు గారు వెనుకకు తగ్గలేదు. సంస్థానపు వ్యవహారాలు ఒక వైపు, గ్రంథ సంపాదకత్వం ఒక వైపు, శాసన పరిశోధన మరొక వైపు సాగించారు.

ఈలోగా కృష్ణా తీరంలో మరొక బలం కూడగట్టుకొన్నది. అయ్యంకి వెంకటరమణయ్య గారి ఉద్యమస్ఫూర్తితో 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదపాలెం నుండి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపి, రేవు రేవుననూ చదువరులకు అందజేశారు. ఒక వైపు గ్రంథరచన, మరొక వైపు గ్రంథ వితరణ జోడెడ్ల వలె నడిచినందుననే తెలుగునాట చదువు పల్లెలకు చేరింది. అలమరలోని పుస్తకానికి చదువరిని తెచ్చినది గ్రంథాలయోద్యమమైతే, అలమరలో ఉంచదగిన పుస్తకాన్ని సిద్ధం చేసినవారిలో లక్ష్మణరావు గారు ముందువరుసలో నిలుస్తారు.

విజ్ఞాన సర్వస్వ మహాయజ్ఞం

విడివిడి గ్రంథాలతో ఆయనకు తృప్తి కలుగలేదు. ప్రపంచంలోని విజ్ఞానమంతా అకారాది క్రమంలో తెలుగువారికి అందాలని సంకల్పించారు. ఆంగ్లేయులకు బ్రిటానికా ఉన్నది. వంగభాషలో నగేంద్రనాథ వసువు ఇరువదిరెండు సంపుటాల విశ్వకోశాన్ని 1911 నాటికి పూర్తిచేశారు. తెలుగులో అట్టి గ్రంథం లేదు. ఆ లోటు తీర్చడానికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి, 1915 నుండి సంపుటాలుగా వెలువరించారు. ఆయనకు తొలి పాఠాలు నేర్పిన మరాఠీలో కేత్కరు గారి జ్ఞానకోశం వెలువడసాగినది 1920లో. పొరుగువారి వద్ద నేర్చుకొన్న శిష్యుడు ఈ ఒక్క విషయంలో వారి కంటె ముందుగా పూనుకొన్నాడని చెప్పవచ్చును.

ఈ కార్యంలో ఆయనకు సహాయకులుగా చేరిన యువకులలో మల్లంపల్లి సోమశేఖరశర్మ గారొకరు. విశ్వవిద్యాలయ పట్టం లేకున్నను లక్ష్మణరావు గారి సాన్నిధ్యంలో శాసనాలు చదవడం, ఆధారాలు తూచడం, వ్యాసం కూర్చడం అలవరచుకొని, తరువాతి కాలంలో రెడ్డి రాజ్యాల చరిత్రను రచించిన మహా చరిత్రకారుడైనారు. మంచి పుస్తకాల నడుమ గడిపిన యౌవనం ఒక మనిషిని ఎంతటివానిని చేయగలదో ఆయన జీవితమే నిదర్శనం.

సర్వస్వం మూడు సంపుటాలు వెలువడినవి. ఆ మూడూ అకారంతో మొదలయ్యే విషయాలతోనే నిండిపోయినవి. వర్ణమాలలో మొదటి అక్షరం దగ్గరనే పని నిలిచిపోయినదని తేలికగా తలచేవారు దాని వెనుక ఉన్న లోతును గమనించాలి. ప్రతి విషయాన్ని మూలగ్రంథాల నుండి శోధించి, సరిచూచి వ్రాయడం ఆయన నియమం. తప్పుల తడకగా త్వరగా ముగించడం కంటె, ఒక్క అక్షరమైనా నమ్మదగినదిగా ఉండడం మేలని ఆయన పద్ధతి తెలుపుతుంది. కాని శరీరం ఆ శ్రమకు ఓర్వలేదు. వ్యాధితో పోరాడుతూనే పని చేసిన లక్ష్మణరావు గారు 1923 జూలైలో మద్రాసులో కీర్తిశేషులైనారు.

ఆయన అనంతరం

ఆయన విడిచిన పనిని ఇతరులు అందుకొన్నారు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి చేపట్టి విస్తరింపజేశారు. 1938లో ఆయన మరణంతో అదీ అసంపూర్ణంగానే మిగిలింది. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి విషయాల వారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలు ప్రకటించి ఆ సంకల్పాన్ని ముందుకు నడిపింది. సోమశేఖరశర్మ గారు అక్కడ కూడ చేయూతనిచ్చారు. హైదరాబాదులోని పరిశోధకులు తమ సంస్థకు లక్ష్మణరాయ పరిశోధక మండలి అని ఆయన పేరే పెట్టుకొని తెలంగాణ శాసనాలను వెలికి తెచ్చారు.

భాషానిలయం కూడ తన పని చేసింది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను సభికులు గేలి చేసినప్పుడు, ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దానిని పెంచి పెద్దచేసిన మాడపాటి హనుమంతరావు గారు ఈ భాషానిలయంతో గాఢమైన అనుబంధం కలవారు. 1928లో నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిన వారును ఆయనే. పుస్తకాలు చదివిన పెద్దలు కోపంతో ఊరుకొనక, బడి కట్టడానికి పూనుకొన్నారు. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 2001లో శతవార్షికోత్సవం జరుపుకొన్నది.

సరిహద్దు బడికి ఆయన సందేశం

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించిన నాడే బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. గీత ఒకటి నేల మీద పడింది. ఆ గీతకు ఈవల నిలిచిన తెలుగు మాధ్యమ పాఠశాలకు రెండు బాధ్యతలున్నాయి. పిల్లలకు తల్లిభాషలో చదువు చెప్పడం ఒకటి. రాష్ట్రభాషయైన కన్నడంలో వారిని నిపుణులను చేయడం రెండవది. ఈ రెండింటికీ వైరం లేదని లక్ష్మణరావు గారి జీవితం చాటుతున్నది. మరాఠీ బాగుగా వచ్చినందువలననే ఆయన తెలుగుకు అంత మేలు చేయగలిగారు. కన్నడంలో శివరామ కారంత గారు ఒక్క చేతిమీదుగా మూడు సంపుటాల బాలప్రపంచాన్ని 1930లలో బాలలకు కానుకగా ఇచ్చారు. తెలుగు బాలలు దానిని కన్నడంలో చదివి, అందులోని విషయాలను తమ ఇంటిలో తెలుగులో చెప్పగలిగితే అది లక్ష్మణరావు గారి మార్గంలో నడిచినట్లే.

ఆయన పద్ధతిని ఆచరించడానికి పెద్ద ధనరాశులు అక్కరలేదు. తరగతి గదిలో ఒక చిన్న అలమర, నెలకొక పుస్తకం, చదివినదాని గురించి పదిమంది కూర్చుండి మాట్లాడుకొనే ఒక గంట చాలును. ఒక జీవితచరిత్ర, ఒక చరిత్ర గ్రంథం, ఒక శాస్త్ర గ్రంథం, ఒక నవల అనే వరుసను మండలి తొలి సంవత్సరాలలోనే చూపి పెట్టింది. ఉపాధ్యాయుడు ఎన్నిక చేయాలి. పూర్వ విద్యార్థి తన వంతు చందాగా ఒక పుస్తకం ఇవ్వాలి. తల్లిదండ్రులు పిల్లవాడు బిగ్గరగా చదువుతుండగా కొంతసేపు వినాలి. చదువు రాని తల్లి వింటే మరీ మంచిది. పక్కన కూర్చున్నవారు కూడ నేర్చుకొంటారని అచ్చమాంబ గారి కథ తెలిపినదే కదా!

కప్పగల్లు కొండబండల మీద వేల యేండ్ల నాటి మానవుడు తాను మేపిన ఎద్దుల బొమ్మలను చెక్కి, తరువాతివారు చూడవలెనని విడిచిపోయినాడు. అక్షరం పుట్టని కాలంలో కూడ తెలిసినదానిని రాబోయేవారికి అందించాలనే తపన ఈ నేలకున్నది. అక్షరం, అచ్చు, గ్రంథాలయం అన్నీ ఉన్న తరానికి ఆ తపన మరింతగా ఉండాలి. ఒక్క అక్షరంతో నిలిచిపోయిన విజ్ఞాన సర్వస్వంలో మిగిలిన అక్షరాలను పూరించే విద్యార్థులు ఇట్టి గ్రామసీమల పాఠశాలల నుండి రావడమే కొమర్రాజు లక్ష్మణరావు గారికి సమర్పించగల నిజమైన నివాళి.